మా లంకలో పిల్లలకు పోసే విటమిన్ ఎ మందు

అయిదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లవాళ్లు చదవాలని ఇది రాస్తున్నాను. అంగన్‌వాడీల్లో, సబ్‌సెంటర్లలో ప్రభుత్వం ఆరు నెలలకోసారి పిల్లలకు ఉచితంగా పోయించే విటమిన్ ఎ సిరప్ గురించి. మందు మంచిది, కావలసినది. మా ఊళ్లో పోసే పద్ధతి కూడా శ్రద్ధగానే ఉంది. పెద్ద లోపం ఒక్క చోట ఉంది. బిడ్డకు ఏడాదిన్నర దాటాక ఈ మందు సంగతి గుర్తు చేసేవాళ్లు ఉండరు. మొత్తం తొమ్మిది సార్లు పడాల్సిన మందు చాలా ఇళ్లల్లో రెండు సార్లతోనే ఆగిపోతోంది. ముఖ్యంగా చెప్పదలచుకున్నది అదే.

మాది పి.గన్నవరం దగ్గర గోదావరి వైనతేయ పాయ ఒడ్డున ఉన్న లంక. నేను ఇంట్లో మిషన్ మీద బట్టలు కుడతాను. మా అమ్మాయి కువైట్‌లో పనిచేస్తుంది. చిన్నది పాలు మరిచాక మళ్లీ వెళ్లింది. అల్లుడు రొయ్యల చెరువు మీద ఉంటాడు, రాత్రి కాపలా కూడా అతనిదే. పిల్లలిద్దరూ నా చేతుల్లో పెరుగుతున్నారు. మనవడికి నాలుగేళ్లు నిండాయి, మనవరాలికి ఏడాదిన్నర దాటింది. వాళ్ల టీకాల కార్డులు నా బియ్యం డబ్బా మీద పెట్టెలో, రేషన్ కార్డుతో పాటు ఉంటాయి. తల్లి ఊళ్లో లేనప్పుడు ఈ లెక్కలు అమ్మమ్మే చూసుకోవాలి కదా.

ముందు మందు గురించి. గోధుమరంగు సీసాలో వస్తుంది. పసుప్పచ్చగా, నూనెలా జిగటగా ఉంటుంది. ఒక మిల్లీలీటరులో లక్ష యూనిట్ల విటమిన్ ఎ ఉంటుంది. సీసాతో పాటే చిన్న ప్లాస్టిక్ చెంచా ఇస్తారు. నిండా పోస్తే రెండు మిల్లీలీటర్లు, లోపలున్న గీత దాకా పోస్తే ఒక మిల్లీలీటరు. తొమ్మిది నెలలు నిండాక, మీజిల్స్-రుబెల్లా సూది వేసే రోజునే మొదటి డోసు, గీత దాకా, అంటే లక్ష యూనిట్లు. పదహారు నుంచి పద్దెనిమిది నెలల మధ్య రెండోది. అక్కడి నుంచి చెంచా నిండా, రెండు లక్షల యూనిట్లు. ఆ తర్వాత ఆరేసి నెలలకొకటి చొప్పున అయిదేళ్లు నిండేదాకా. అన్నీ కలిపితే తొమ్మిది డోసులు, పదిహేడు లక్షల యూనిట్లు.

మా అంగన్‌వాడీలో టీకాల రోజు ఎలా ఉంటుందో చెబుతాను. మా దగ్గర బుధ, శనివారాల్లో టీకాలు వేస్తారు. సచివాలయం ఏఎన్‌ఎం గారు కోల్డ్ బాక్సు తగిలించుకుని స్కూటీ మీద వస్తారు. టీకాల సీసాలు ఐస్ ప్యాకుల మధ్య ఉంటాయి. విటమిన్ ఎ సీసా విడిగా చేతిసంచిలో ఉంటుంది. ఆవిడ దాన్ని ఎప్పుడూ వసారాలో బల్ల మీద పెట్టరు, లోపలి గదిలో కిటికీకి దూరంగా పెడతారు. ఎండ తగిలితే మందు బలం పోతుందట. సీసా మూత తీసిన రోజునే తెల్ల ప్లాస్టరు ముక్క మీద తేదీ రాసి సీసాకు అంటిస్తారు. మూత తీసిన సీసాను ఎనిమిది వారాల్లోగా వాడేయాలి. నేను అడిగిన మొదటిసారే ఆ ప్లాస్టరు తిప్పి చూపించారు. అడిగినందుకు ముఖం చిట్లించుకోలేదు. "అడగాలండి మామ్మగారూ, మీరడిగితేనే మేమూ జాగ్రత్తగా ఉంటాం" అన్నారు.

మందు పోసేటప్పుడు ఆవిడ తొందరపడరు. మా చిన్నది తెల్లచీర చూస్తేనే ఏడుపు లంకించుకుంటుంది. ఏడుస్తున్న పిల్ల నోట్లో మందు పోస్తే పొలమారుతుందని, ఏడుపు ఆగేదాకా పక్కన కూర్చోబెట్టి, ఇంకో బిడ్డను చూస్తారు. తర్వాత నా ఒళ్లో కూర్చోబెట్టించి, తల కొద్దిగా ఎత్తించి, చెంచా కింది పెదవి మీద ఆనించి నెమ్మదిగా వంచుతారు. గుటక పడింది అని తెలిసేదాకా చెంచా తీయరు. పెదవి చివర కారిన చుక్క కూడా చెంచాతోనే తీసి నోట్లో పెడతారు. సీసా దగ్గర చెంచా పట్టుకున్నప్పుడు కంటి ఎత్తుకు లేపి చూసి మరీ గీత సరిచూసుకుంటారు. ఆ ఒక్క పని చూసి నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది. మనకు చెంచాడు మందే అనిపిస్తుంది కానీ, ఇది ఆరు నెలలకు సరిపడా ఒకేసారి ఇచ్చే మందు. అటూ ఇటూ కాకూడదు. వేరే చోట ఎక్కడైనా టీ చెంచాతోనో, సీసా మూతతోనో, గ్లాసుతోనో పోయబోతే మీరు ఆపండి. దాని చెంచాతోనే పోయమని అడగండి. టీ చెంచా అయిదు మిల్లీలీటర్లు పడుతుంది, రెండున్నర డోసులవుతుంది.

ఆరు నెలలకోసారి చాలా అని నాకూ సందేహం ఉండేది. మా చెల్లెలి కొడుకు ఫార్మసీ చదివాడు, అమలాపురంలో పనిచేస్తాడు. వాడినడిగాను. "పెద్దమ్మా, ఈ విటమిన్ నూనెలో కరిగేది. ఒంటికి కావలసినంత వాడుకుని మిగిలింది కాలేయంలో దాచుకుంటుంది. మనం గాదెలో ధాన్యం పోసుకుని నెలలు నెలలు తిన్నట్టే" అన్నాడు. అందుకే రోజూ మాత్ర మింగించే పని లేకుండా ఏడాదికి రెండుసార్లు పోస్తే గడుస్తుంది. అందుకే ఎక్కువైతే ప్రమాదం కూడా. నీళ్లలో కరిగే విటమిన్లయితే ఎక్కువైనా చాలావరకు మూత్రంలో పోతాయి, ఇది పోదు, లోపలే ఉంటుంది.

ఇప్పుడు ఈ మందు ఎందుకు కావాలో చెప్పాలి. మా చిన్నతనంలో మా తమ్ముడికి రేచీకటి వచ్చింది. పగలంతా కాలవ గట్టున పరుగులు పెట్టేవాడు, సందె పడేసరికి గడప దగ్గర నిలబడిపోయేవాడు. చేత్తో గోడ తడుముకుంటూ వచ్చేవాడు. అన్నం కంచం ముందు పెడితే కంచం అంచు వేళ్లతో వెతుక్కునేవాడు. మా నాన్న మొదట పెంకితనం అనుకున్నారు. మా మేనత్త చూసి "వీడికి రేచీకటిరా" అని చెప్పింది. మేక కార్జం తెప్పించి కాల్చి పెట్టమంది. పెట్టారు. కొన్నాళ్లకు సందె వేళ కూడా ఆడుకోవడం మొదలుపెట్టాడు. అప్పట్లో అది మా మేనత్త చేతి మహిమ అనుకునేవాళ్లం. ఇప్పుడు తెలుస్తోంది, జంతువు కూడా విటమిన్ ఎ ని కాలేయంలోనే దాచుకుంటుంది కాబట్టి కార్జంలో అది పుష్కలంగా ఉంటుంది. మసక వెలుతురులో చూడటానికి కంటి వెనక పొరలో ఒక పదార్థం ఉండాలి, అది తయారవ్వాలంటే విటమిన్ ఎ కావాలి. అది తగ్గితే ముందు పోయేది సందె చూపే.

మా తమ్ముడి అదృష్టం కొద్దీ అక్కడితో ఆగింది. ఆగకపోతే తర్వాత కంటి తడి ఆరిపోతుంది, తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలు వస్తాయి, చివరికి నల్లగుడ్డు మీది పొర మెత్తబడి పుండుపడి చూపే పోతుంది. పోయిన చూపు తిరిగి రాదు. మా తరం వాళ్లను అడగండి, ప్రతి ఊళ్లోనూ చిన్నప్పుడు తట్టు వచ్చి తగ్గాక కళ్లు పోయినవాళ్లు ఒకరో ఇద్దరో ఉండేవారు. తట్టు వచ్చినప్పుడు ఒంట్లో ఉన్న విటమిన్ ఎ త్వరగా ఖర్చైపోతుంది. పైగా అమ్మవారు పోసిందని పథ్యం పేరుతో పిల్లకు చారన్నం తప్ప ఏమీ పెట్టేవాళ్లం కాదు. ఇప్పటికీ ఎవరి బిడ్డకైనా తట్టు వస్తే ఇంట్లో పెట్టుకుని వేపాకు చుట్టూ తిప్పుతూ కూర్చోకండి, పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. తట్టు ఉన్న పిల్లలకు వరసగా రెండు రోజులు విటమిన్ ఎ ఇస్తారు, ఈ ఆరు నెలల లెక్కతో సంబంధం లేకుండా. ఎంత పోయాలో వయసును బట్టి వాళ్లే చూస్తారు.

కళ్ల సంగతి ఒక్కటే కాదు. గొంతు, ఊపిరితిత్తులు, పేగులు, వీటి లోపలి పొరలు గట్టిగా ఉండాలన్నా, రోగాన్ని తట్టుకోవాలన్నా ఇది కావాలి. ఇండోనేషియాలో అచే అనే చోట ఈ మందు పోసిన ఊళ్లలో పిల్లల మరణాలు మూడో వంతు తగ్గాయని 1986లో బయటపెట్టారు. అప్పటినుంచీ ప్రపంచమంతా దీన్ని పట్టించుకుంది. కానీ మనవాళ్లు అంతకు ముందే మొదలుపెట్టారు. ఇలా ఒకేసారి పెద్ద డోసు పోసి కాపాడవచ్చా అని 1960లలో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పిల్లల మీద పరీక్షించి చూశారు. దాని ఆధారంగా 1970లో దేశంలో పిల్లల అంధత్వ నివారణ కార్యక్రమం మొదలైంది. తార్నాకలో ఉంది ఆ సంస్థ. మా అమ్మాయి హైదరాబాదులో పనిచేసిన రోజుల్లో ఆ గేటు ముందునుంచే బస్సులో వెళ్లేది. లోపల ఏం చేస్తారో మాకు తెలియదు అప్పుడు.

ఇక సేవ ఎక్కడ జారిపోతోందో చెబుతాను. తొమ్మిది నెలలప్పుడు, ఏడాదిన్నరప్పుడు సూది ఉంటుంది. సూది కోసం ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి పిలుస్తుంది, అంగన్‌వాడీ టీచరమ్మ ఫోన్ చేస్తుంది, సూదితో పాటు మందు కూడా పడిపోతుంది. రెండేళ్లు దాటాక అయిదేళ్లొచ్చి డీపీటీ బూస్టరు వేసేదాకా సూదులేమీ లేవు. సరిగ్గా ఆ మూడేళ్లలోనే ఈ మందు ఏడు సార్లు పడాలి. సూది లేదు కాబట్టి పిలుపు లేదు. పిలుపు లేదు కాబట్టి తల్లిదండ్రులు రారు. మా వీధిలో నా దగ్గరికి జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ఆడపిల్లల్ని కార్డు తెచ్చి చూపించమన్నాను. విటమిన్ ఎ అని రాసి ఉన్న వరసలో మొదటి రెండు గళ్లలో తేదీలున్నాయి, మిగతావి ఖాళీ. ఒకమ్మాయి "చుక్కలు వేయించేశాం కదండీ పిన్నిగారూ, మొన్న ఆదివారం బూత్‌లో" అంది. అవి పోలియో చుక్కలు. ఇది వేరు, అది వేరు. ఆ అమ్మాయి చదువుకున్న పిల్లే. తప్పు ఆమెది కాదు, ఎవరూ విడదీసి చెప్పలేదు.

రొయ్యల ప్లాంట్లలో పనికి వెళ్లే తల్లుల సంగతి వేరు. కంపెనీ బస్సు తెల్లవారకుండానే వస్తుంది, సందె పడ్డాక దింపుతుంది. టీకాల రోజు మధ్యాహ్నానికి ముగిసిపోతుంది. ఆ రోజు సెలవు పెడితే కూలి పోతుంది. బిడ్డకు జ్వరం వస్తే సెలవు పెడతారు కానీ, నిక్షేపంగా ఆడుకుంటున్న బిడ్డకు మందు పోయించడానికి ఎవరు కూలి పోగొట్టుకుంటారు? వీళ్లకోసం నెలకు ఒక్క సాయంత్రమైనా, పోనీ ఒక ఆదివారమైనా అంగన్‌వాడీ తెరిచి ఉంచితే బాగుంటుంది. నేను ఈ మాట మా ఏఎన్‌ఎం గారితోనూ, సచివాలయంలోనూ అన్నాను. ఏఎన్‌ఎం గారిని తప్పుపట్టను. గర్భిణుల రక్తపరీక్షలు, బీపీ, షుగర్ మాత్రలు, ఫోన్‌లో ఎక్కించే లెక్కలు, అన్నీ ఆ ఒక్క మనిషి నెత్తినే ఉన్నాయి. ఆవిడ ఒక్కరే గుర్తుపెట్టుకోవాలంటే అయ్యే పని కాదు.

కాస్త ఉన్నవాళ్ల పిల్లలకూ పడటం లేదు, ఇది చాలామంది గమనించని సంగతి. మూడేళ్లు రాగానే పసుపు బస్సెక్కించి ప్రైవేటు నర్సరీకి పంపుతున్నాం. అంగన్‌వాడీతో తెగిపోతుంది. టీకాలు పట్నంలో పిల్లల డాక్టరు దగ్గర వేయించుకునేవాళ్ల ఫైళ్లు నేను చూశాను. ఖరీదైన టీకాల స్టిక్కర్లన్నీ అంటించి ఉంటాయి, విటమిన్ ఎ మాట ఉండదు. ఒక ఆస్పత్రిలో మా బంధువులమ్మాయి అడిగితే "బిడ్డ బాగానే ఉన్నాడుగా, ఏం అక్కర్లేదు" అని పంపేశారట. ఆ బిడ్డ ఏం తింటున్నాడని ఒక్క ప్రశ్న వెయ్యలేదు. డాక్టరు బిడ్డను చూసి, తిండి కనుక్కుని అక్కర్లేదంటే అది వేరే సంగతి. ప్రైవేటులో చూపించుకున్నా అంగన్‌వాడీలో పేరు రాయించుకోవచ్చు, మందు పోయించుకోవచ్చు, ఎవరూ కాదనరు.

నాకు కోపం వచ్చిన సందర్భం ఒకటుంది. మా మనవడికి డోసు రావలసిన నెలలో సీసా లేదన్నారు. ఇండెంట్ పెట్టాం, రాలేదు అన్నారు. వారం వారం వెళ్లాను, అదే జవాబు. ఎక్కడ ఆగిపోయిందో చెప్పేవాళ్లు లేరు. ఆ లోపల గోదావరికి వరద వచ్చింది. కాజ్‌వే మునిగిపోయింది, ఊరికి పడవే దిక్కయింది. నీళ్లు తీశాక కూడా రోడ్డు ఆరేదాకా స్కూటీలు రాలేదు. మొత్తానికి ఆ డోసు బాగా ఆలస్యంగా పడింది. లంకల్లో ఉండేవాళ్లం కదా, మాకు ఇది ప్రతి ఏటా ఉండేదే. ఫిబ్రవరిలో ఒక డోసు పడితే తర్వాతది ఆగస్టులో పడాలి. ఆగస్టంటే మాకు వరద నెల. వరద రాకముందే, జూన్‌లోనే లంక ఊళ్లన్నిటికీ సీసాలు చేర్చి పెడితే ఏం పోతుంది? ఇది పెద్ద ఖర్చు కాదు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఎగరేసేనాటికి మందు ఊళ్లో ఉండాలి.

ఆలస్యమైతే ఏం చేయాలని నేను టెన్షన్ పడ్డాను. అప్పుడు తెలిసినవి చెబుతాను. తప్పిపోయిన డోసుకు బదులు రెండు కలిపి పోయకూడదు. గుర్తొచ్చినప్పుడు ఒక్క డోసే పోయించి, అక్కడి నుంచి మళ్లీ ఆరు నెలలు లెక్కపెట్టుకోవాలి. మూడేళ్ల బిడ్డకు ఒక్కసారి కూడా పడకపోయినా సరే, ఇప్పుడు మొదలుపెట్టవచ్చు. అయిదేళ్లు నిండేదాకా గడువుంది. కార్డు పోయిందని చెప్పి మళ్లీ మళ్లీ పోయించకండి. అంగన్‌వాడీ రిజిస్టరులో తేదీ ఉంటుంది, వెతికించండి. ఊరు మారితే పాత ఊరి టీచరమ్మకు ఫోన్ చేసి కనుక్కోండి.

మా చిన్నదానికి మందు పడ్డ రోజు సాయంత్రం ఒక వాంతి అయింది, రాత్రి కాస్త చిరాకుగా ఉంది. తెల్లారేసరికి మామూలుగా అయింది. కొందరు పిల్లలకు ఇలా వాంతి, తలనొప్పి వస్తాయి. చంటిపిల్లలకు మాడు కొంచెం ఉబ్బినట్టు కనిపించవచ్చు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఈ మాట ముందే చెప్పాలి. మా ఏఎన్‌ఎం గారు మందు పోయకముందే చెప్పారు కాబట్టి నాకు కంగారు లేదు. చెప్పకుండా పోసిన చోట ఒక బిడ్డకు వాంతైతే ఆ వీధి మొత్తం మళ్లీ రాదు. రెండు రోజులు దాటినా తగ్గకపోతే తీసుకెళ్లి చూపించండి.

మందుల షాపుల్లో విటమిన్ మాత్రలు, చేపనూనె సీసాలు కొని ఇంట్లో ఇచ్చేవాళ్లుంటారు. వాటిలోనూ విటమిన్ ఎ ఉండవచ్చు. అంగన్‌వాడీలో పోయించేముందు ఆ సీసా తీసుకెళ్లి చూపించండి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ సిరప్ పిల్లలది. కడుపుతో ఉన్నవాళ్లు దీన్ని ముట్టుకోకూడదు. ఇంత పెద్ద డోసు కడుపులో బిడ్డకు అవకరం తేవచ్చు. కళ్లకు మంచిదట కదా అని మిగిలిన చుక్క తాగేవాళ్లు ఉంటారని చెబుతున్నాను.

ఈ కార్యక్రమం ఇంకా అవసరమా అన్న వాదన కూడా ఉంది. దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు. 2016-18లో దేశమంతా చేసిన పోషకాహార సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో సుమారు 18 శాతం మందికే విటమిన్ ఎ లోపం కనిపించింది. పాత రోజుల్లాగా కళ్లు పోయే పిల్లలు ఇప్పుడు అరుదు. ఉత్తరప్రదేశ్‌లో పది లక్షల మంది పిల్లలను గమనించి 2013లో ప్రకటించిన అధ్యయనంలో మరణాలు తగ్గింది చాలా స్వల్పం. అందుకని అందరికీ పోయనక్కర్లేదు, లోపం ఉన్నచోటే పోయండి అని కొందరు శాస్త్రవేత్తలు అంటున్నారు. మా చెల్లెలి కొడుకు కూడా "నిజమే పెద్దమ్మా, లెక్కలు మారాయి" అన్నాడు. నా లెక్క నాది. 18 శాతమంటే మా అంగన్‌వాడీలో కూర్చునే ప్రతి అయిదారుగురిలో ఒకరు. ఆ ఒకరు ఎవరో మొహం చూసి చెప్పలేం. రక్తం తీసి చూసే ఏర్పాటు మా లంకలో లేదు. అది వచ్చి, ఫలానా బిడ్డకు అక్కర్లేదు అని చెప్పేదాకా నేను పోయిస్తాను.

పైగా మా పిల్లల తిండి చూస్తే నాకు ధైర్యం చాలదు. చుట్టూ పచ్చగా ఉన్నంత మాత్రాన కంచంలోకి పచ్చన వస్తుందనుకోకండి. ఎటు చూసినా వరి, కొబ్బరి, చెరువులు. తెల్లన్నంలో విటమిన్ ఎ లేదు, కొబ్బరిలో లేదు. ఒకప్పుడు గట్ల మీద పొన్నగంటి కూర, తోటకూర ఊరికే దొరికేవి. చెరువులు తవ్వాక ఆ గట్లే పోయాయి. పిల్లలకు అయిదు రూపాయల ప్యాకెట్ అలవాటైంది. మా ఇంట్లో నేను పట్టుబట్టి చేసేవి కొన్ని ఉన్నాయి. పెరట్లో మునగచెట్టు ఉంది, వారంలో రెండు మూడుసార్లు మునగాకు పప్పులో వేస్తాను, పోపులో నూనె తగ్గించను. ఆకుకూరల్లో ఉన్నది ఒంటికి పట్టాలంటే నూనో నెయ్యో ఉండాలి. బొప్పాయి పండు కోసి ముక్కలు పెడితే చిన్నది కాదనదు. వేసవిలో మామిడిపండ్లు, అందులో కొత్తపల్లి కొబ్బరి వస్తే ఇద్దరికీ పండగే. చిన్న చేపలు తెస్తే తలతో సహా పులుసు పెట్టి, ముల్లు తీసి మెత్తగా కలిపి పెడతాను. చేపల్లో ఈ విటమిన్ ఎక్కువగా తలలో, లోపలి భాగాల్లోనే ఉంటుంది. మనం అవే తీసి పారేస్తాం. నెలకోసారి కార్జం తెస్తాను, రెండు ముక్కలు చాలు.

అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలు, బాలామృతం ఇంటికి తెచ్చి ఇంట్లో అందరూ పంచుకోకండి, అవి ఆ బిడ్డవి. నూనె ప్యాకెట్ కొనేటప్పుడు నీలం రంగు ప్లస్ ఎఫ్ గుర్తు ఉందేమో చూడండి, ఆ గుర్తున్న నూనెలో ఎ, డి విటమిన్లు కలుపుతారు. మన జిల్లాల మెట్ట ప్రాంతమంతా పామాయిల్ తోటలే, పెదవేగిలో పామాయిల్ పరిశోధన సంస్థ కూడా ఉంది. ఆ గెలలు తీసిన పచ్చినూనె ఎర్రగా ఉంటుంది, ఆ ఎరుపు చాలావరకు విటమిన్ ఎ గా మారే పదార్థమే. శుద్ధి చేసేసరికి ఆ ఎరుపు పోయి మనకు తేలికరంగు నూనె వస్తుంది. ఆ సంగతి తెలిసినప్పటినుంచీ నాకు మనసులో బాధే.

మా అంగన్‌వాడీకి నేను మంచి మాటే చెబుతాను. పోసేవాళ్ల చేయి శుభ్రం, కొలత కచ్చితం, మాట మర్యాద, పైసా ఖర్చు లేదు. పిలుపు విషయంలో, సరఫరా విషయంలో మాత్రం సంతృప్తి లేదు. ఆ లోటు తీర్చడానికి నేనూ టీచరమ్మా ఒక ఏర్పాటు చేసుకున్నాం. రెండేళ్లు దాటిన పిల్లల పేర్లు, తర్వాతి డోసు నెల ఒక చార్టు మీద రాసి గోడకు అంటించాం, బరువు చూసే తూకం పక్కనే. నెల నెలా బరువు చూపించడానికి వచ్చిన తల్లి కళ్లు దాని మీద పడతాయి. కువైట్‌లో, ఖతర్‌లో ఉన్న తల్లులకు వాట్సాప్‌లో ఫోటో పంపుతున్నాం. వాళ్లే అక్కడినుంచి ఫోన్ చేసి ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తు చేస్తున్నారు. నలుగురైదుగురు పిల్లలకు ఆగిపోయిన డోసులు మళ్లీ మొదలయ్యాయి. ఏ ఊళ్లోనైనా ఒక చార్టు, ఒక పెన్ను ఉంటే చాలు.

పట్నాల్లో ఉండేవాళ్లు అర్బన్ హెల్త్ సెంటర్లో అడగండి, అక్కడా ఉచితమే. వెళ్లేటప్పుడు కార్డు తీసుకెళ్లండి. సీసా మీద మూత తీసిన తేదీ, గడువు తేదీ చూపించమనండి. దాని చెంచాతోనే పోయమనండి. పోశాక అక్కడే నిలబడి కార్డులో తేదీ రాయించుకోండి. తర్వాత రాస్తాం అంటే ఒప్పుకోకండి, అలా వదిలేసిన గళ్లే నేను చూసిన కార్డుల్లో కొన్ని. మా మనవడికి ఇంకా రెండు డోసులు, మనవరాలికి ఏడు మిగిలాయి.